పళ్ళు కత్తిరించిన వంతెనలు

పోయిన నెల మా బావగారి సంవత్సరీకానికి వెళుతూ భీమడోలులో రైలు దిగి ఆటో ఎక్కాను. ఊరింకా కాస్త దూరం ఉందనగా కాలవ మలుపులో తాటిచెట్టంత ఫ్లెక్సీ ఒకటి ఎదురైంది. అందులో మా బావగారు. ఒంటి మీద ఆయన ఏనాడూ వేసుకోని జరీ కండువా, పెదాల మీద ఏనాడూ ఎరగని చిరునవ్వు. వెనకాల ఏ దేశానిదో ఇనుప తాళ్ళకి వేలాడే మహా వంతెన, దాని కింద నీలంగా సముద్రం, సముద్రంలో ఓడ కూడాను. కొల్లేటి పక్క మురుగు కాలవ మీద కట్టిన వంతెనకి ఓడ ఎందుకో ఆ బొమ్మ వేసినవాడికే తెలియాలి. కింద గుమ్మడికాయలంత అక్షరాలతో 'వారధి ప్రదాత' అని ఉంది. ఆటో అబ్బాయి భక్తిగా వేగం తగ్గించి, "మహానుభావులండి. ఆ వంతెన ఆయనే కట్టించేరంటండి. ఆయన లేకపోతే ఇప్పటికీ దోనెలేనంటండి" అన్నాడు. "నీకెవరు చెప్పారు నాయనా?" అని అడిగాను. "ఫ్లెక్సీలో ఉంది కదండి" అన్నాడు. ఇంకేం, ఫ్లెక్సీలో ఉన్నాక తిరుగేముంది! నాకు మాత్రం ఒళ్ళు మండిపోయి, ఊళ్ళో దిగేదాకా ఆ కుర్రాడితో మళ్ళీ మాట్లాడలేదు.

పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. ఆ మాటలన్నీ ఆయన బతికుండగా మొహం మీదే అన్నాను కనుక నాకా మొహమాటం లేదు. మాటకి ముందు 'బావగారు' అనీ, మాట చివర 'వారు' అనీ అంటున్నానంటే అది మా గోదావరి నేల పెంపకమే తప్ప ఆయన గొప్పేమీ కాదు. మా అక్కకి మొగుడు, నాకు బావ, ఊళ్ళో సగం పొలానికి ఆసామి, అందరికీ పెద్దమనిషి. ఏ పెద్దమనిషితనమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పదిమందీ లేచి నుంచుంటే తను కూర్చోవడం ఒక్కటే ఆయన చేసిన ఘనకార్యం.

ఆయనకి వంతెనల స్టాంపులు పోగుచేసే పిచ్చి ఉండేది. స్టాంపులంటే అన్ని స్టాంపులూ కావు. పువ్వులూ, పిట్టలూ, నాయకుల తలకాయలూ ఆయన కంటికి ఆనేవి కావు. వంతెన ఉండాల్సిందే. తాడేపల్లిగూడెంలో ఆయన మేనమామగారికి రైసుమిల్లు ఉండేది. ఆ మిల్లుకి ఎక్కడెక్కడి నుంచో యంత్రాల కేటలాగులు వచ్చేవట. అలా వచ్చిన ఒక కవరు మీద రాతి వంతెన స్టాంపు కనిపించిందట, దాన్ని చూసి వారు ముగ్ధులైపోయారట. ఈ కథ ఎన్నిసార్లు విన్నానో! చెప్పిన ప్రతిసారీ ఆ కవరు కొంచెం పెద్దదవుతూ, మేనమామగారి మిల్లు కొంచెం ఎత్తుగా పెరుగుతూ ఉండేది. అప్పటి నుంచీ ఎవరింటికి ఉత్తరం వచ్చినా ఆయన చెయ్యి ముందుండేది. ఎవరి కొడుకు పైదేశం వెళ్ళాడన్నా ఆ కుర్రాడి క్షేమం సంగతి అడగడానికంటే ముందు, అక్కడ స్టాంపుల మీద వంతెనలు వేస్తారా అని అడిగేవారు.

ఆ వంతెనలకి మళ్ళీ నియమాలు. కమాను ఉంటే ఉత్తమం, ఇనుప తాళ్ళు ఉంటే మధ్యమం. నీళ్ళలో నీడ పడాలి. వంతెన మీద రైలు పెద్దగా కనబడితే ఆ స్టాంపు వెలి, ఎందుకంటే అప్పుడది రైలు స్టాంపు అవుతుందట. ఇంటికి ఎవరొచ్చినా ముందు చేతులు కడిగించి, భూతద్దం చేతికిచ్చి, ఆల్బం ముందు కూలేసేవారు. వంతెనలన్నీ దాటితే గానీ కాఫీ వచ్చేది కాదు. "ఇది చూడమ్మాయ్, ఈ కమాను చూడు. మనవాళ్ళకి ఇలాంటి బుద్ధి ఎప్పుడు పుడుతుంది?" అని నిట్టూర్చేవారు. మరి ఇంత వంతెనల ప్రేమికుడికీ అసలు వంతెనంటే చచ్చేంత భయం. ఒకసారి అందరం కలిసి రైల్లో వెళుతుంటే, బండి గోదావరి మీదికి రాగానే ఆడా మగా కిటికీల దగ్గర చేరి చిల్లర నీళ్ళలోకి విసిరి దణ్ణం పెట్టుకుంటున్నారు. ఈయన మాత్రం పై బెర్తు ఎక్కి, దుప్పటి ముసుగుతన్ని, "అయిపోయిందా? అయిపోయిందా?" అని అవతలి గట్టు వచ్చేదాకా అడుగుతూనే ఉన్నారు. మా అక్క, "ఇంకా లేదండీ, పడుకోండి" అని జోకొడుతున్నట్టు చెప్పింది.

ఇక అసలు సంగతి. స్టాంపు అంచుల్లో రంపంలా చిన్న చిన్న పళ్ళు ఉంటాయి కదా, అవి ఆయనకి గిట్టేవి కావు. చిరిగినట్టు ఉన్నాయి, చదువుకున్నవాడి ఆల్బంలో అంచులు నీటుగా ఉండాలి అనేవారు. మధ్యాహ్నం భోజనమయ్యాక వరండాలో కుర్చీ వేసుకుని, స్కేలు పెట్టి గీత గీసి, మా అక్క జాకెట్లు కుట్టుకునే కత్తెరతో ఆ పళ్ళన్నీ కత్తిరించి పారేసేవారు. ఆ తుక్కంతా గాలికి ఇల్లంతా ఎగిరితే ఊడ్చేది మా అక్క. అతికించడానికి జిగురు కొనడం నామోషీ కాబోలు, అన్నం మెతుకులే వాడేవారు. దానికోసం మా అక్క రోజూ అడుగున ఉన్న మెత్తటి అన్నం ఒక ముద్ద తీసి మూతపెట్టి ఉంచేది. మెతుకుల వాసనకి చీమలు పడితే, ఆల్బం ఉన్న అల్మరా నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ గిన్నెలు పెట్టించారు. ఆ గిన్నెల్లో నీళ్ళు మార్చేది కూడా మా అక్కే అని వేరే చెప్పాలా? ప్రపంచంలో వంతెనలన్నీ నాలుగు గిన్నెల నీళ్ళ మధ్య నిలబడి ఉండేవి మా అక్క ఇంట్లో.

ఆ రోజుల్లో నేను టీచర్ని. మా కాపురం తాడేపల్లిగూడెంలో. మావారికి మార్కెట్ యార్డులో ఉద్యోగం. నాకేమో కొల్లేటి అంచున ఒక పేటలో, అయిదో తరగతి దాకా ఉన్న చిన్న బడిలో పోస్టింగు వచ్చింది. పొద్దున్నే పాసింజరు ఎక్కి భీమడోలులో దిగి, ఆటోలో మా అక్క వాళ్ళ ఊరు చేరి, అక్కణ్ణుంచి కాలవ దాటితే పేట. దాటడమంటే తాటి దోనె మీద. తాటిమొద్దు తొలిచి చేసిన ఆ దోనెలో కాళ్ళు ముడుచుకు కూర్చుంటే, ఒకాయన గడవేసి తోసేవాడు. కాలవ నిండా గుర్రపుడెక్క. దానిలో గడ చిక్కుకుంటే దోనె ఒక పక్కకి ఒరిగి గుండె గుభేలుమనేది. బురద వాసన, చేపల మేత వాసన, చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా తడి. అటు నుంచి పుస్తకాలు నెత్తిన పెట్టుకుని హైస్కూలుకి వచ్చే మగపిల్లలు, ఇటు నుంచి నేను. మధ్యలో ఎదురైతే "నమస్తే టీచర్" అంటూ వాళ్ళు లేవబోవడం, "కూర్చోండ్రా, మునిగిపోతాం" అని నేను అరవడం. వినడానికి సరదాగానే ఉంటుంది, నేను కూడా చాలామందికి సరదాగానే చెప్పాను.

సరదా కానిది ఒకటుంది. హైస్కూలు మా అక్క వాళ్ళ ఊళ్ళో, అంటే కాలవకి ఇవతల. అయిదు గట్టెక్కిన మగపిల్లలు ఎలాగో దోనె ఎక్కి వచ్చేవారు. ఆడపిల్లల్ని పంపేవారు కాదు. నా చేతుల మీదుగా అయిదు పాసైన ఆడపిల్లలు ఒక్కొక్కళ్ళే చదువు ఆపేసి రొయ్యల షెడ్లకీ, చేలల్లోకీ పోతుంటే నాకు కడుపు రగిలిపోయేది. లెక్కలు నోటితో చేసే పిల్ల ఒకతె ఉండేది. పలక అక్కర్లేదు, నేను ప్రశ్న పూర్తి చేసేలోపే జవాబు చెప్పేది. దాన్నైనా ఆరులో చేర్పిద్దామని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వలకి ముళ్ళు వేసుకుంటూ, తల ఎత్తకుండా, "మీరు మంచోళ్ళే టీచరమ్మగారండి. వానాకాలంలో దోనె తిరగబడితే మా పిల్లని మీరొచ్చి తీస్తారేటండి?" అంది. ఆ కాలవ మీద వంతెన ఉంటే ఆ పిల్ల చదువుకుంటుంది, లేకపోతే లేదు. ఇందులో ఇంక ఆలోచించాల్సింది ఏమీ లేదు.

వంతెన కట్టాలంటే కాలవ సన్నబడే చోటు ఒక్కటే ఉంది. అక్కడ ఇవతలి గట్టున ఉన్నది మా అక్క వాళ్ళ పెరటి వెనక పొలం చెక్క. ఆ చెక్క ఎవరిదో కూడా చెప్పాలి. మా అక్క పెళ్ళప్పుడు మా నాన్న పసుపు కుంకుమ కింద ఎకరం ఇవ్వాలనుకుని, పుట్టింటి ఊళ్ళో ఇస్తే పిల్ల కళ్ళెదుట ఉండదని, అత్తారి ఊళ్ళోనే, అదీ పెరటి వెనకే కొని అక్క పేర రాయించాడు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఆఫీసుల్లో వాళ్ళకీ తెలుసు. తెలియనిది మా బావగారొక్కరికే. తాళి కట్టిన మర్నాటి నుంచీ ఆయన 'నా గట్టు' అంటూ వచ్చారు, ఆయన అన్నారు కాబట్టి అందరూ అదే అన్నారు. "అది నీదేగా అక్కా, నువ్వెందుకు నోరు మెదపవు?" అంటే, మా అక్క గిన్నెలో నీళ్ళు మారుస్తూ, "ఊళ్ళో ఆయన మాట పోతుందే" అనేది. ఆ మాట వింటే నాకు ఆయన మీద కంటే దాని మీదే ఎక్కువ కోపం వచ్చేది.

ఒకనాడు ధైర్యం చేసి బావగారినే అడిగాను. "గట్టు మీద కాస్త జాగా ఇస్తే ఆడపిల్లలు చదువుకుంటారు బావగారూ, వంతెనల మీద మీకున్నంత ప్రేమ ఎవరికుంటుంది చెప్పండి" అని కొంచెం పొగిడాను కూడా. ఛీ, ఆ పొగడ్త తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదుగా ఉంటుంది. వారు పొంగిపోయి వెంటనే సరేనన్నారు. ఎమ్మెల్యేగారి దాకా కబురు వెళ్ళి, కొన్నాళ్ళకి ఒక కుర్ర ఇంజనీరు టేపు పట్టుకుని వచ్చాడు. గట్టు కొలిచి, బురద కడుక్కుని, వరండాలోకి రాగానే మా బావగారు అతని ముందు ఆల్బం పరిచారు. పాపం ఆ కుర్రాడు మర్యాదస్థుడు, మొదటి వంతెన నుంచి చివరి వంతెన దాకా చూశాడు. అప్పుడు వారు కమాను వంతెన ఒకదాని మీద వేలు పెట్టి, "ఇలా కట్టండి" అన్నారు.

ఇంజనీరు నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆపుకున్నాడు. "అయ్యా, ఇది డ్రెయినండి. పైన శ్లాబు, కింద నాలుగు గోడలు చాలండి. మా భాషలో దీన్ని కల్వర్టంటామండి" అన్నాడు. ఆ 'కల్వర్టు' అన్న మాట వినగానే మా బావగారి మొహం గోడకి కొట్టిన సున్నంలా అయిపోయింది. "కల్వర్టా? నా గట్టు మీద కల్వర్టా? స్టాంపు మీద ఎవడైనా కల్వర్టు వేస్తాడటయ్యా?" అన్నారు. "స్టాంపు కోసం కాదండి, పిల్లలు దాటడానికండి" అన్నాడతను. "దాటడానికైతే దోనె లేదూ? వంతెనంటే చూడ్డానికి ఉండాలి. కమాను వేస్తే చెప్పండి, రేపే జాగా ఇస్తాను. లేదంటే నా గట్టు మీద తట్ట మట్టి కూడా పడనివ్వను" అని ఆల్బం టప్పున మూసేశారు. ఇంజనీరు టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు. నేను అక్కడే నుంచుని, "సిగ్గు లేదూ బావగారూ మీకు?" అన్నాను. ఆడవాళ్ళకి కళ అర్థం కాదని సెలవిచ్చి వారు పడుకోవడానికి వెళ్ళారు.

పెద్దమనిషి కాదంటే మా వైపు పని అక్కడే ఆగిపోతుంది. కోర్టుకి వెళ్తానంటాడని అధికారులకి భయం, చేలో పని ఇవ్వడని పేటవాళ్ళకి భయం. ఏడాది తిరిగి ఏడాది వచ్చింది. ఇంకొన్ని వానాకాలాలు, ఇంకొందరు ఆడపిల్లలు. ఆ లెక్కల పిల్లకి పెళ్ళి కూడా చేసేశారు. పెళ్ళికి నన్ను పిలిచారు, వెళ్ళాను, అక్షింతలు వేసి అన్నం తినకుండా వచ్చేశాను. ఇవతల వరండాలో కత్తెర చప్పుడు మాత్రం ఆగలేదు.

అంతలో ఏలూరులో స్టాంపుల ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, మా బావగారు తన వంతెనలకి లోకం జేజేలు కొట్టే రోజు వచ్చిందనుకున్నారు. కారు మాట్లాడి, ఆల్బాన్ని పట్టుబట్టలో చుట్టి, మా అక్కనీ నన్నూ వెంటబెట్టుకుని బయల్దేరారు. చప్పట్లు కొట్టడానికి ఇద్దరైనా ఉండాలి కదా. కల్యాణమండపం హాల్లో అద్దాల చట్రాల్లో వరసగా స్టాంపులు పెట్టి ఉన్నాయి. నిర్వాహకుడు ఒక రిటైరైన లెక్చరరుగారు, మెత్తటి మనిషి. ఆల్బం తెరిచి రెండు పేజీలు చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి, "అయ్యయ్యో, ఎలుకలు కొట్టేశాయాండీ?" అన్నారు ఎంతో జాలిగా.

"ఎలుకలేమిటండీ?" అన్నారు మా బావగారు.

"మరి ఈ పళ్ళన్నీ ఏమైపోయాయండీ?"

"నేనే కత్తిరించానండీ, స్కేలు పెట్టి, ఒక్కొక్కటీ" అన్నారు వారు ఛాతీ విరుచుకుని.

లెక్చరరుగారు పక్కనున్న కుర్చీలో కూలబడిపోయారు. "అన్నీనా?" అని అడిగారు. "అన్నీనండి, ఒక్కటి వదల్లేదు" అన్నారు మా బావగారు. ఆయన ఇంకో పేజీ తిప్పి, అన్నం మెతుకు ఎండి గట్టిపడిన చోట వేలు పెట్టి, ఏదో చావు ఇంట్లో పరామర్శ చేస్తున్నట్టు గొంతు తగ్గించి, "స్టాంపుకి పళ్ళు పోతే ఇంకేం మిగలదండీ. ఇవి బొమ్మలు, అంతే" అన్నారు. చుట్టూ చేరిన కాలేజీ పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆల్బాన్ని చట్రంలో పెట్టలేదు, మంచినీళ్ళ డ్రమ్ము పక్కన బల్ల మీద పెట్టారు. దాని మీద ఎవరో ఖాళీ గ్లాసు పెట్టి వెళ్ళారు. నేను జీవితంలో అంత తృప్తిగా మంచినీళ్ళు తాగింది ఆ రోజే.

తిరుగు ప్రయాణంలో కారు గుండుగొలను దాటుతుండగా మా బావగారు మా అక్క వైపు తిరిగి, "ఆ కత్తెర నీదే కదా. తెలిసి తెలిసి ఎందుకిచ్చావ్?" అన్నారు. విన్నారా? ఆ మనిషి కత్తిరించిన పళ్ళకి కూడా తప్పు మా అక్కదే. మా అక్క కిటికీలోంచి వరిచేల వంక చూస్తూ కూర్చుంది. మర్నాడు మధ్యాహ్నం వారు అలవాటు ప్రకారం కుర్చీ వేసుకుని, "కత్తెరేదీ?" అంటే, "పోయిందండీ" అంది. "ఎక్కడ పోయింది?" అంటే, "ఎక్కడ పోయిందో తెలిస్తే పోయిందని ఎందుకంటానండీ?" అంది. ఈ మాట నాకు అదే స్వయంగా చెప్పి నవ్వింది. పెళ్ళైన తర్వాత అది ఆయనకి ఎదురు చెప్పడం నాకు తెలిసి అదే మొదలు.

ఆ వేసవిలోనే గ్రామసభ పెట్టారు. అదే ఇంజనీరు, కాస్త లావెక్కి, మళ్ళీ వచ్చాడు. వంతెనకి మంజూరైందని, అయితే ఆ రోజు స్థలం చూపించకపోతే పని వేరే ఊరికి వెళ్ళిపోతుందని చెప్పాడు. పంచాయతీ అరుగు మీద కుర్చీలో మా బావగారు. కింద పేట జనం, వెనకాల మేమూ ఆడవాళ్ళం. సర్పంచిగారు వినయంగా చేతులు నలుపుకుంటూ మా బావగారి వైపు తిరిగారు. వారు మీసం దువ్వుకుని, "ఈ జిల్లాలో వంతెనంటే ఏమిటో తెలిసిన మనిషి లేడు. నా గట్టు మీద కల్వర్టు మాట మళ్ళీ ఎత్తొద్దు" అన్నారు. ఇంజనీరు ఫైలు మూసేశాడు. నేను నోరు తెరవబోతుంటే నా చెయ్యి మీద చెయ్యి వేసి ఆపి, మా అక్క లేచి నుంచుంది.

"ఆ చెక్క నాదండీ" అంది. ముందెవరికీ వినపడలేదు. ఇంకోసారి అంది. "మా నాన్నగారు నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిందండీ. నేనిస్తున్నాను. రాసుకోండి."

మా బావగారు వెనక్కి తిరిగి, "నీకేం తెలుసు, కూర్చో" అన్నారు. మా అక్క కూర్చోలేదు. "నాకేం తెలీదండీ. వంటింటి కిటికీలోంచి ఇన్నేళ్ళూ చూస్తున్నాను. అయిదు పాసైన ఆడపిల్లలు అవతలి గట్టు దాకా వచ్చి, అన్నదమ్ముల్ని దోనె ఎక్కించి, వెనక్కి వెళ్ళిపోతారండీ. కూర చేసుకుంటూ రోజూ చూస్తానండీ. ఇంక నేను చూడలేను" అంది. పేట జనంలోంచి, వలకి ముళ్ళు వేసుకునే ఆ లెక్కల పిల్ల తల్లి లేచి మా అక్కకి దణ్ణం పెట్టింది. నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా, అందరి ముందూ, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

వంతెన కట్టారు. కమాను లేదు, తాళ్ళు లేవు, నీళ్ళలో నీడ కూడా సరిగ్గా పడదు. శ్లాబూ, నాలుగు గోడలూ, అటూ ఇటూ నడుమెత్తు పిట్టగోడ. ఆ పిట్టగోడల మీద పేటవాళ్ళు వలలు ఆరేసుకుంటారు. మా బావగారు మా అక్కతో ఆర్నెల్లు మాట్లాడలేదు, అదొక విశ్రాంతి. తర్వాత మాట్లాడి, ఆ కల్వర్టు మీద మన ఇంటివాళ్ళెవరూ కాలు పెట్టకూడదని శాసనం చేశారు. మా అక్క దానికి తల ఊపింది. "అదేమిటే, ఇచ్చింది నువ్వు, దాటొద్దనడానికి ఆయనెవరు?" అని నేను ఎగిరితే, "కావలసింది జరిగిందిగా, ఆ ముచ్చటైనా ఆయనకి ఉండనీ" అంది. వారు పోయేదాకా ఆ మాట మీద నిలబడింది. చూశారా, మాట అంటే ఏమిటో మా అక్కకి తెలుసు, ఆయనకి తెలిసింది గొంతు మాత్రమే.

ఇదీ మన వారధి ప్రదాతగారి చరిత్ర. సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక, ఫ్లెక్సీ కట్టించిన మా అక్క కొడుకుని పిలిచి కడిగేశాను. వాడు నీళ్ళు నమిలి, "పోనిద్దురూ పిన్నీ, నాన్న పేరు నిలబడుతుంది కదా" అన్నాడు. వాడికి ఈసారి ఎన్నికల్లో నిలబడాలని ఉందిలెండి. మా అక్క మాత్రం నా వంక తిరిగి, "ఫోటో బావుందిలే" అంది. దాని సహనానికి దణ్ణం పెట్టాలో, నెత్తిన మొట్టాలో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతుంటే మా అక్క కొంగు సర్దుకుని, "ఓసారి అటు వెళ్ళొద్దామా?" అంది. ఎటు అని నేను అడగలేదు. పెరటి తలుపు తీసుకుని, మోకాళ్ళ నొప్పులతో ఇద్దరం మెల్లిగా గట్టెక్కాం. వంతెన మొదట్లో ఒక్క క్షణం ఆగింది, గుడి గడప దగ్గర ఆగినట్టు. తర్వాత పిట్టగోడ పట్టుకుని నడిచింది. ఎదురుగా సైకిళ్ళ మీద హైస్కూలు ఆడపిల్లలు గుంపుగా వచ్చి, "తప్పుకోండమ్మా, తప్పుకోండి" అని గంటలు కొట్టుకుంటూ మా పక్క నుంచి దూసుకుపోయారు. ఈ ముసలమ్మ ఎవరో వాళ్ళకేం తెలుసు? మా అక్క గోడకి ఒదిగి నుంచుని, వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, మళ్ళీ కదిలింది. నేను మాట కలిపేలోపే కాళ్ళ కింద సిమెంటు అయిపోయి మట్టి తగిలింది.

మా అక్క ఆగి, వెనక్కి చూసి, "అయిపోయిందా?" అంది.

"అయిపోయింది."

"ఇంతేనా?" అంది నమ్మలేనట్టు. ఆ చివర నుంచి ఈ చివర దాకా మళ్ళీ ఒకసారి కళ్ళతో కొలిచింది. "ఇంత చిన్నదా? దీనికేనటే ఇన్నేళ్ళు పట్టింది?" అని అడుగుతూనే పక్కనున్న మైలురాయి మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మొగుడు పోయిన రోజు కూడా అది అలా ఏడవలేదు. దాని వీపు నిమురుతూ నుంచున్నాను. మేం దాటడానికి పట్టుమని రెండు నిమిషాలు పట్టలేదు. ఒక పెద్దమనిషి ముచ్చట తీరడానికి పోయిన ఏళ్ళు మాత్రం పోయినట్టే. ఆ ఏళ్ళలో గట్టు మీద నుంచి వెనక్కి తిరిగిన ఆడపిల్లలందరూ ఇప్పుడు తల్లులైపోయారు, వాళ్ళని కాలం మళ్ళీ తీసుకొచ్చి ఆరో తరగతిలో కూర్చోబెట్టదు.